ప్రాచీన హిందూ సమాజంలో స్త్రీ హక్కులు: ఆస్తి వైపు నుంచి చూస్తే

వేదకాలంలో స్త్రీకి పురుషుడితో సమానమైన హక్కులు ఉండేవని కొందరు, ధర్మశాస్త్రాలు ఆమెకు ఏ హక్కూ ఇవ్వలేదని మరికొందరు వాదిస్తున్నారని, ఏది నమ్మాలో తెలియడం లేదని మీరు అడిగారు. మొదటివారు "యత్ర నార్యస్తు పూజ్యంతే" అన్న శ్లోకం చూపిస్తారు, రెండవవారు "న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి" అన్న శ్లోకం చూపిస్తారు. రెండూ మనుస్మృతిలోనివే. ముప్పై ఏళ్ళకు పైగా సివిల్ కోర్టుల్లో పంపకాల దావాలు నడిపినవాడిగా, అంతకంటే ముందు నుంచే ధర్మశాస్త్రాలను మూలంలో చదువుతున్నవాడిగా నేను చెప్పగలిగింది ఏమిటంటే, ఈ రెండు శ్లోకాల్లో దేనితోనూ మీ ప్రశ్నకు జవాబు దొరకదు. పూజించమని చెప్పినంత మాత్రాన ఆమె చేతికి ఏమి వచ్చిందో తెలియదు. స్వాతంత్ర్యం లేదని చెప్పినంత మాత్రాన ఆమె పెట్టెలోని నగ ఎవరిదో తేలదు. తండ్రి పోతే కూతురికి పాలు ఎంత, భర్త పోతే ఇల్లు ఎవరిది, ఆమె సొంతమని చెప్పుకునేది ఏమిటి, దాన్ని ఎవరికైనా ఇచ్చే అధికారం ఆమెకు ఉందా అని అడిగినప్పుడే గ్రంథాలు నోరు విప్పుతాయి. అలా అడిగితే వినిపించేది ఒకే గొంతు కాదని, వెయ్యేళ్ళకు పైగా సాగిన గట్టి వాదమని తెలుస్తుంది.

ఋగ్వేదంలో ఘోష, అపాల, విశ్వవార, లోపాముద్ర వంటి స్త్రీల పేర్లతో మంత్రాలు ఉన్నాయి. పదో మండలంలోని వివాహసూక్తం కొత్త కోడలిని "సమ్రాజ్ఞీ శ్వశురే భవ" అని, అంటే మామగారి ఇంట మహారాణివి కమ్మని దీవిస్తుంది. వీటిని చాలామంది ఉదాహరిస్తారు కనుక నేను విస్తరించను. అంతగా ఎవరూ ఎత్తి చూపని మంత్రం రెండో మండలం 17వ సూక్తంలో ఉంది. అక్కడ కవి ఇంద్రుణ్ణి అడుగుతూ, పెళ్ళికాక పుట్టింట్లోనే ఉండి ముసలిదవుతున్న కూతురు తల్లిదండ్రుల ఇంటినుంచి తన "భగం" అడిగినట్టు నేను నిన్ను అడుగుతున్నానంటాడు. భగం అంటే భాగ్యమనీ, భాగమనీ రెండర్థాలు చెప్పవచ్చు. ఏ అర్థం తీసుకున్నా, పుట్టింట ఉండిపోయిన ఆడపిల్ల చేయి చాచి తనది అడగడం వినేవాళ్ళందరికీ తెలిసిన దృశ్యమైతేనే ఆ పోలిక పనిచేస్తుంది. అయితే అదే ఋగ్వేదం మూడో మండలం 31వ సూక్తంలో కొడుకు తన తోబుట్టువుకు రిక్థం, అంటే తండ్రి ఆస్తి, వదిలిపెట్టడని ఉంది. కాబట్టి వేదకాలమంతా స్వర్ణయుగమని చెప్పేవారు ఈ రెండో మంత్రాన్ని దాటవేస్తున్నారు, అంతా చీకటేనని చెప్పేవారు మొదటిదాన్ని దాటవేస్తున్నారు.

ఈ మంత్రాలకు అర్థం చెప్పబోయిన ప్రాచీన పండితుడు యాస్కుడు, వేదపదాల అర్థాలు తేల్చే నిరుక్తం అన్న తన గ్రంథం మూడో అధ్యాయంలో ఆగి, కూతురికి దాయం, అంటే వారసత్వపు పాలు, ఉందా లేదా అన్న చర్చనే మన ముందు పెట్టాడు. ఉందనేవారి పక్షాన ఆయన ఒక శ్లోకం చెప్పాడు: ఆడ, మగ అన్న భేదం లేకుండా సంతానానికి దాయం ధర్మం ప్రకారం చెందుతుందని సృష్టి ఆరంభంలో స్వాయంభువ మనువు అన్నాడని దాని భావం. లేదనేవారి పక్షాన మరొక వేదవాక్యం చెప్పాడు: పురుషుడు దాయాదుడు, స్త్రీ అదాయాద, అందుకే ఆడపిల్ల పుడితే పక్కన పెడతారు, మగపిల్లవాణ్ణి పెట్టరు. ఆ వెంటనే, స్త్రీని దానం చేస్తారు, అమ్ముతారు, వదిలేస్తారు, పురుషుణ్ణి అలా చేయరు అన్న వాదన వస్తుంది. దానికి ఇంకొకరి జవాబు కూడా ఆయనే రాశాడు: శునఃశేపుడి కథలో కన్నతండ్రి కొడుకును అమ్మలేదా? ఈ చర్చ చదివిన ప్రతిసారీ నాకు కోర్టు హాలు గుర్తుకొస్తుంది. రెండు వైపులా వకీళ్ళున్నారు, ఇద్దరి చేతుల్లోనూ వేదమే ఉంది.

అక్కడే యాస్కుడు దక్షిణాదివారి ఆచారం ఒకటి చెప్పాడు. ఋగ్వేదం ఉషస్సును వర్ణిస్తూ, ధనం పొందడానికి గర్తం ఎక్కే స్త్రీలా వస్తుందంటుంది. గర్తమంటే సభాస్థాణువు, అంటే సభలో నాటిన మొద్దు అని యాస్కుడి వివరణ. కొడుకు గాని భర్త గాని లేని స్త్రీ ఆ మొద్దు ఎక్కుతుంది, అక్కడివారు ఆమెను పాచికలతో కొడతారు, ఆమె రిక్థం పొందుతుంది. ఆయన రాసింది ఇంతే. అది ఏ ఊరో, ఏ కులంవారో చెప్పలేదు కనుక దాన్ని తెలుగునేలకు అంటగట్టడం సరికాదు. కాని ఆ నాలుగు చిన్న వాక్యాల్లో ఎంత ఉందో చూడండి. దిక్కులేని స్త్రీకి ఆస్తి వచ్చింది, కాని ఇంట్లో కూర్చుంటే రాలేదు. పదిమంది మగవాళ్ళ మధ్యకు వెళ్ళి, అందరికీ కనిపించేలా ఎత్తు మీద నిలబడి, దెబ్బలు తిని తీసుకోవలసి వచ్చింది. హక్కు ఉండడం వేరు, దాన్ని రాబట్టుకోవడానికి పడవలసిన అవమానం వేరు. మా వృత్తిలో ఉన్నవారికి ఈ తేడా రోజూ కనిపిస్తుంది.

చదువు విషయంలోనూ ఇదే కథ నడిచింది. బృహదారణ్యకోపనిషత్తు చివరి అధ్యాయంలో, పండితురాలైన కూతురు కలగాలని, ఆమె పూర్ణాయుష్షుతో జీవించాలని కోరుకునే దంపతులు నువ్వులతో అన్నం వండించి, నేయి వేసుకుని తినాలని ఉంది. శంకరాచార్యులు దానికి భాష్యం రాస్తూ, ఆమె పాండిత్యమంటే ఇంటి వ్యవహారాల పాండిత్యమేనని, ఆమెకు వేదంలో అధికారం లేదు గనుక అంతేనని అన్నారు. అదే ఉపనిషత్తులో నిండు సభలో యాజ్ఞవల్క్యుణ్ణి రెండుసార్లు నిలదీసిన గార్గి పాండిత్యం వంటింటిది కాదని భాష్యకారులకు తెలియకపోదు. మూలం ఒకటి చెప్పిందని, శతాబ్దాల తరువాత వచ్చిన వ్యాఖ్య దాన్ని తన కాలపు ఆచారానికి కుదించిందని మనం నిర్మొహమాటంగా గుర్తించాలి. ఆ మహాచార్యుల మీద నాకున్న గౌరవం దీనికి అడ్డు రాదు.

స్త్రీకి సొంత ఆస్తి ఉండగలదా అన్న ప్రశ్నను అందరికంటే సూటిగా ఎదుర్కొన్నది మీమాంసకులు, అంటే వేదంలోని యజ్ఞవిధుల అర్థం తేల్చే శాస్త్రంవారు. యజ్ఞం చేయడానికి ద్రవ్యం కావాలి. కన్యను డబ్బిచ్చి కొంటారు గనుక ఆమే ఒక ద్రవ్యం, ఆమెకు ద్రవ్యం ఎక్కడిది, కాబట్టి యజ్ఞాధికారం లేదని పూర్వపక్షం, అంటే ఎదుటివారి వాదన. మీమాంసాసూత్రాలు రాసిన జైమిని దాన్ని తోసిపుచ్చాడు. పెళ్ళిలో ఇచ్చేది ధర్మం కోసం ఇచ్చేది, అది క్రయం కాదు. ఫలం కావాలన్న కోరిక ఆమెకూ సమానమే. ఇంటి సామగ్రికి భార్యే యజమానురాలని తైత్తిరీయ సంహిత చెబుతోంది. కనుక ఆమెకు ద్రవ్యమూ ఉంది, అధికారమూ ఉంది. అయితే ఆమె ఒంటరిగా యజ్ఞం చేయరాదని, భర్తతో కలిసే చేయాలని, మంత్రభాగం చాలావరకు అతనిదేనని వెంటనే హద్దులు గీశాడు.

మన తెలుగు బ్రాహ్మణ కుటుంబాల్లో చాలామంది ప్రవర చెప్పేటప్పుడు ఆపస్తంబ సూత్రమని చెప్పుకుంటారు. ఆ ఆపస్తంబ ధర్మసూత్రంలో భార్యాభర్తల మధ్య విభాగం లేదని ఒక సూత్రం ఉంది. పాణిగ్రహణం నుంచి కర్మల్లో, పుణ్యఫలాల్లో, ద్రవ్యం సంపాదించి ఉంచుకోవడంలో వారిద్దరూ కలిసే ఉంటారని, భర్త ఊళ్ళో లేనప్పుడు అవసరం వచ్చి భార్య దానం చేస్తే దాన్ని దొంగతనమనరని తరువాతి సూత్రాలు. విభాగం లేదన్న మాటను రెండంచుల కత్తిగానే చూడాలి. ఆమె ఖర్చు పెడితే అడిగేవారు లేరు. అదే సమయంలో నా సగం నాకు ఇవ్వండని ఆమె అడగడానికీ వీల్లేదు. కొడుకులు లేని ఆస్తి ఎవరికని చెబుతూ ఆపస్తంబుడు వరసలో చివర, రాజుకు ముందు, "దుహితా వా" అన్నాడు, కూతురైనా తీసుకోవచ్చని. ధర్మంలో మిగిలినదేదైనా స్త్రీల దగ్గర నేర్చుకోవాలని కొందరంటారని కూడా గ్రంథం ముగింపులో రాశాడు.

ఇంకొక సూత్రకారుడు బౌధాయనుడు మాత్రం స్త్రీలు నిరింద్రియలు (శక్తి లేనివారు), అదాయలు (దాయం లేనివారు) అని శ్రుతి, అంటే వేదవాక్యం, ఉన్నదంటూ దారి మూసేశాడు. ఆ శ్రుతి తైత్తిరీయ సంహిత ఆరో కాండలోనిది, సోమరసం పంచే సందర్భంలోనిది. 14వ శతాబ్దంలో విజయనగరంలో పరాశర మాధవీయం రాసిన మాధవాచార్యులు దాన్ని పట్టుకున్నారు. ఆ వాక్యంలో ఇంద్రియమంటే సోమమని, సోమపానంలో పత్నికి భాగం లేదని మాత్రమే దాని అర్థమని, ఆస్తికి దానితో సంబంధం లేదని వాదించారు. యజ్ఞశాలలో ఒక గిన్నె గురించి చెప్పిన మాట సందర్భం నుంచి తెగి వచ్చి ఎన్ని తరాల ఆడపిల్లల పొలాల మీద పడిందో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

స్మృతుల కాలానికి స్త్రీధనం అన్న మాట స్థిరపడింది. మనువు ఆరు రకాలు చెప్పాడు: అగ్ని సమక్షంలో ఇచ్చినది, అత్తింటికి తీసుకువెళ్ళేటప్పుడు ఇచ్చినది, ప్రేమతో ఇచ్చినది, అన్నదమ్ములు ఇచ్చినది, తల్లి ఇచ్చినది, తండ్రి ఇచ్చినది. మొదటిదాన్ని అధ్యగ్ని అంటారు. ఒకసారి నా దగ్గరికి డెబ్బై దాటిన ఒకావిడ వచ్చి, పెళ్ళినాడు పసుపు కుంకుమ కింద తండ్రి ఎకరం పొలం ఇస్తానన్నాడని, అన్నదమ్ములు ఇప్పుడు లేదంటున్నారని చెప్పింది. కాగితం ఏదైనా ఉందా అని అడిగితే, "హోమం ముందు, అగ్నిహోత్రుడి సాక్షిగా అన్నాడు బాబూ" అంది. ఆమె స్మృతులు చదవలేదు, అధ్యగ్ని అన్న మాట విననూ లేదు. కాని రెండువేల ఏళ్ళ కిందటి వర్గీకరణలోని మొదటి పదాన్ని తన మాటల్లో చెప్పింది. మన పల్లెల్లో పసుపు కుంకుమ భూమి అన్న మాట ఈనాటికీ ఎలా బతికి ఉందో చూస్తే, పుస్తకంలోని హక్కు జనం నాలుక మీద కూడా ఉండేదని తెలుస్తుంది. ఆ ధనం కాజేసే బంధువులను దొంగలను శిక్షించినట్టు శిక్షించాలని మనువే ఎనిమిదో అధ్యాయంలో రాజుకు చెప్పాడు. అదే అధ్యాయంలో భార్యకు, కొడుకుకు, దాసుడికి సొంత ధనం లేదని, వారు సంపాదించింది యజమానిదేనని కూడా అన్నాడు. రెండింటినీ కలిపి చదివితే, ఇతరులు ఇచ్చినది ఆమెది, తన కష్టంతో తెచ్చినది భర్తది అన్న చిత్రం వస్తుంది. నా దృష్టిలో ఆ వ్యవస్థలోని పెద్ద లోపం ఇదే.

కష్టం చేసి తెచ్చుకునే స్త్రీలు ధర్మశాస్త్రాల్లో దాదాపు కనిపించరు. ఆస్తి ఉన్న ఇళ్ళ గురించి ఆ ఇళ్ళ మగవాళ్ళు రాసిన పుస్తకాలు అవి. అటువంటి స్త్రీలను చూడాలంటే అర్థశాస్త్రం తెరవాలి. నూలు వడికించే అధికారి గురించిన ప్రకరణంలో వితంతువులకు, అంగవైకల్యం ఉన్న స్త్రీలకు, ఇల్లు కదలలేనివారికి పని ఇవ్వాలని కౌటిల్యుడు రాశాడు. తెల్లవారుజామున నూలు తెచ్చి ఇచ్చే స్త్రీ దగ్గర దీపం నూలు పరీక్షించడానికి సరిపడేంతే ఉండాలి. ఆమె ముఖం వంక చూసినా, వేరే మాటలు కలిపినా అధికారికి జరిమానా. కూలి ఆలస్యం చేస్తే అంతకంటే పెద్ద జరిమానా. అదే గ్రంథం స్త్రీధనంలో జీవనభృతికి అప్పటి నాణేలైన పణాల్లో 2000 లెక్క చెప్పి, నగలకు పరిమితి లేదంది. బ్రాహ్మం మొదలైన నాలుగు ధర్మవివాహాలను మినహాయించి, భార్యాభర్తలు ఒకరినొకరు ద్వేషిస్తుంటే విడిపోవచ్చని కూడా అంది.

భర్త పోయిన స్త్రీ సంగతి కాళిదాసు చూపించినంత స్పష్టంగా ఏ స్మృతీ చూపించలేదు. శాకుంతలం ఆరో అంకంలో ధనమిత్రుడనే సముద్రవ్యాపారి ఓడ మునిగి చనిపోయాడని, సంతానం లేదు గనుక అతని ధనం రాజుకు చెందుతుందని మంత్రి కాగితం పంపుతాడు. దుష్యంతుడు, భార్యల్లో ఎవరైనా గర్భవతి ఉన్నారేమో విచారించమంటాడు. సాకేతపురపు శ్రేష్ఠి కూతురికి ఇటీవలే పుంసవనం, అంటే గర్భవతికి చేసే సంస్కారం, జరిగిందని తెలుస్తుంది. అయితే గర్భంలోని శిశువుకు తండ్రి ధనం చెందుతుందని రాజు తీర్పు. రాజు దయకు ప్రేక్షకులు సంతోషించి ఉంటారు. ఆ భార్యకు మాత్రం ఆస్తి రాలేదు. ఆమె కడుపులో ఉన్నవాడికి వచ్చింది.

ఆ పరిస్థితిని మార్చిన వాక్యం యాజ్ఞవల్క్యస్మృతిలో ఉంది. కొడుకులు లేనివాడి ధనం ఎవరికన్న వరసను ఆయన "పత్నీ దుహితరశ్చైవ" అని మొదలుపెట్టాడు. మొదట భార్య, తరువాత కూతుళ్ళు, ఆ తరువాతే తల్లిదండ్రులు, అన్నదమ్ములు. కళ్యాణి చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడి కాలంలో, అంటే 1076-1126 మధ్య, విజ్ఞానేశ్వరుడు దీనికి మితాక్షర వ్యాఖ్య రాసి ఆ వరసను గట్టిపరిచాడు, అయితే ఉమ్మడి నుంచి విడిపోయిన భర్త ఆస్తికే అది వర్తిస్తుందన్నాడు.

ఆయన చేసిన మరొక పని ఇంకా ముఖ్యమైనది. స్త్రీధనం ఏమిటో చెప్పే శ్లోకంలో యాజ్ఞవల్క్యుడు కొన్నింటిని పేర్కొని, చివర "ఆద్యం" అని, అంటే మొదలైనవి అని, ఊరుకున్నాడు. ఆ మొదలైనవిలో వారసత్వంగా వచ్చినది, కొన్నది, పంపకంలో వచ్చినది, స్వాధీనం చేసుకున్నది, దొరికినది అన్నీ చేరతాయని విజ్ఞానేశ్వరుడు రాశాడు. స్త్రీధనమన్నది శాస్త్రం ప్రత్యేకార్థం ఇచ్చిన పారిభాషిక పదం కాదని, స్త్రీ ధనమంతా స్త్రీధనమేనని ఆయన మాట. ఒక్క చిన్న పదంలోంచి ఆయన తలుపు మొత్తం తెరిచాడు. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన ఆ గ్రంథాన్ని విజ్ఞానేశ్వరీయమన్న పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడంటే, ఈ విషయాలు మనవాళ్ళకు ఎంత అవసరమనిపించాయో ఊహించుకోండి.

శాసనాలు కూడా సాక్ష్యం చెబుతాయి. నాసిక్ గుహను దానం చేసిన గౌతమీ బాలశ్రీ, నాగార్జునకొండ మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించిన చాంతిసిరి ఇద్దరూ వైదిక యాగాలు చేసిన రాజవంశాల స్త్రీలే. చాంతిసిరి సోదరుడు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆమె దానం బౌద్ధులకు వెళ్ళింది. తనకిష్టమైన చోటికి తన ధనం ఇవ్వగలగడం కంటే స్పష్టమైన యాజమాన్యం ఏముంటుంది? వీరు రాచయింటివారని మాత్రం మరచిపోకూడదు.

వలసపాలనలో మితాక్షర తెరిచిన ఆ తలుపు మూతపడింది. భర్త నుంచి వితంతువుకు వారసత్వంగా వచ్చింది స్త్రీధనం కాదని, బతికి ఉన్నంతకాలం అనుభవించే పరిమిత హక్కేనని అప్పట్లో మన కేసులకు ఆఖరి అప్పీలు కోర్టు అయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1867లో తీర్పు చెప్పింది. హిందూ స్త్రీల ఆస్తి హక్కు గురించిన 1937 చట్టం ఆ పరిమితిని ఉంచేసింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ వచ్చాకే ఆమె పూర్తి యజమానురాలైంది, అంటే ఒక విధంగా విజ్ఞానేశ్వరుడు చెప్పిన చోటికే చట్టం తిరిగి వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు ఇచ్చిన సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది, అప్పటికే పెళ్ళయినవారిని వదిలేసి. దేశమంతటికీ 2005లో వచ్చింది.

నా దగ్గరికి వచ్చే అన్నదమ్ముల్లో చాలామంది, చట్టం ఏమైనా అననీ, మన శాస్త్రంలో ఆడపిల్లకు పాలు లేదంటారు. వారికి నేను మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం 118వ శ్లోకం చదివి వినిపిస్తాను. అన్నదమ్ములు తమ తమ పాలలోంచి పెళ్ళికాని అక్కచెల్లెళ్ళకు నాలుగో వంతు ఇవ్వాలని అందులో ఉంది. అది పెళ్ళి ఖర్చు మాత్రమేనని కొందరు వ్యాఖ్యాతలు తగ్గించబోతే, మేధాతిథి, విజ్ఞానేశ్వరుడు ఒప్పుకోలేదు. అది నిజమైన పాలే అన్నారు. విజ్ఞానేశ్వరుడు లెక్క కూడా కట్టి చూపించాడు: ఒక కొడుకు, ఒక కూతురు ఉంటే ఆస్తిని రెండు చేసి, అందులో ఒక సగాన్ని నాలుగు చేసి, ఒక వంతు కూతురికి ఇచ్చి మిగిలినదంతా కొడుకు తీసుకోవాలి. ఎనిమిది ఎకరాల్లో ఆమెకు ఒక ఎకరం. ఇది సమానం కాదని నేనే ముందు చెబుతాను. ఆ తరువాత శ్లోకం చివరి పాదం చదువుతాను: "పతితాః స్యురదిత్సవః", ఇవ్వడానికి ఇష్టపడనివారు పతితులవుతారు.